ఆ పదిహేను సెకన్లు

డుంబ్రిగుడ సంత వీధిలో సెల్‌ఫోన్లు బాగుచేసే సుష్మ సంగతి మీకు చెప్పాలి. ఎస్.కోట నుంచి ఒక్కతే కొండెక్కి వచ్చి కొట్టు పెట్టిన మొదటి ఏడాది ఆ పిల్లను పట్టించుకున్నవాళ్ళు లేరు. ఇప్పుడు సంత రోజున ఆమె కొట్టు ముందు నిలబడడానికి చోటుండదు. కారణం ఆమె కనిపెట్టిన కిటుకు. చవక ఫోన్లలో వీడియో తీస్తే మనుషులు ఆగి ఆగి, ఎగిరి ఎగిరి కనిపిస్తారు కదా. ఫోన్‌లో అసలు బుర్ర పక్కనే ఇంకో చిన్న బుర్ర ఉంటుంది, సిగ్నల్ ప్రాసెసర్ అంటారు. కెమెరా చూసిన బొమ్మల్ని సర్ది వరసలో పెట్టేది అదే. కంపెనీవాళ్ళు దాన్ని ఒక వేగానికి కట్టేసి పంపుతారు. మన సుష్మ ఆ కట్టు విప్పి, దాన్ని మరింత జోరుగా పరిగెత్తించింది. చాపరాయి జలపాతం దగ్గర నీళ్ళు వీడియో తీసి చూపిస్తే ఊరంతా ముక్కున వేలేసుకుంది. నీళ్ళు పట్టుబట్ట జారినట్టు జారాయి. ఫోను కాస్త వేడెక్కుతుంది, అంతే కదా అనుకుంది. నెల తిరక్కుండా పదకొండు ఫోన్లకు అదే వైద్యం చేసింది.

తెలివైన పిల్లే, కాదనను. కానీ తెలివైనవాళ్ళకుండే జబ్బు ఆమెకూ ఉంది. నలుగురూ బాగుందంటే చాలు, అయిదో మాట వినదు.

ఆ సంత రోజు పొద్దున్న సుష్మ కొట్టు షట్టరు సగం ఎత్తేసరికే ముత్యాలమ్మ నెత్తిమీద రాజ్మా గింజల బుట్టతో ఎదురుగా నిలబడి ఉంది. జోడుపుట్టు గూడేనికి ఆశా వర్కరు ఆమె. నలభై దాటిన మనిషి. ఆ పదకొండు ఫోన్లలో ఒకటి ఆమెదే.

"సుష్మమ్మా, నీ సలవ. నిన్న నీ ఫోనే ఆదుకుంది" అంది బుట్ట దించుతూ. "మా అన్న కూతురు సోని నేదూ, దాని గుంటకి మూడ్రోజుల్నించి రొంప. ఏడు నెల్ల గుంట. ఊపిరి జోరుగా తీత్తందని ఇంట్లో అంతా గాబరా పడిపోనారు. వీడియో తీసి పంపినాను."

జోడుపుట్టులో సిగ్నల్ ఉండదు. గూడెంలో వీడియో తీసి, ఫోన్ పట్టుకుని అరగంట ఎక్కితే ఒక బండ వస్తుంది. సిగ్నల్ బండ అనే దాని పేరు. అక్కడ నిలబడితే వీడియో వెళ్తుంది, జవాబు వస్తుంది. కింద ఆస్పత్రిలో డాక్టర్ అనూష ఆ వీడియో చూసి మందు చెబుతుంది. ఏడాదిగా జరుగుతున్న పద్ధతే.

"డాక్టరమ్మ ఏటన్నారక్కా?" అంది సుష్మ.

"మునుపు వీడియోలు ఆగి ఆగి ఒచ్చి ఊపిరి లెక్కకి అందేది కాదట. ఇప్పుడు ఎంత బాగా కనబడతందో అన్నారు. గడియారం పెట్టుకుని నిమిషం లెక్కెట్టారు. నలభై ఎనిమిది. యాభై దాటితే ఆస్పత్రికి మోసుకొచ్చీమన్నారు, దాటనేదు కదా, ఒట్టి రొంపే, సిరప్ పొయ్యమన్నారు." ముత్యాలమ్మ బుట్ట మళ్ళీ ఎత్తుకుంది. "ఫోన్ సోని మొగుడు రవిబాబు దగ్గర ఉంచేసి ఒచ్చినాను. గుంటకి ఏటైనా తేడా ఒస్తే వీడియో తీసి బండ ఎక్కి నీ నెంబరుకే పంపమన్నాను. నాను సంతలోనే ఉంటాను. ఒస్తే ఓ కేకెయ్యి తల్లీ."

"అలాగే అక్కా, నువ్వెల్లు" అని సుష్మ నవ్వింది. ఆ నవ్వులో కొంచెం గర్వం కూడా ఉంది. పసిపిల్లకు వైద్యం తన చేతి పనితో జరిగిందంటే ఎవరికి ఉండదు?

పది దాటాక సోమన్న వచ్చాడు. అరకు రిసార్టుల్లో టూరిస్టుల ముందు దింసా నాట్యం ఆడించే జట్టు పెద్ద ఆయన. తుళ్ళుతూ మాట్లాడే మనిషి ఆ రోజు కొట్టు మెట్టు మీదే ఆగిపోయాడు. సుష్మ వైద్యం చేసిన తన ఫోన్ తువ్వాల్లో చుట్టి పట్టుకున్నాడు.

"గుంటా, ఈ ఫోన్లో ఏదో దూరింది" అన్నాడు. గొంతు తగ్గించాడు.

"ఏటి దూరింది మావయ్యా, బొద్దింకా?"

"నవ్వకు. మా ఆడాళ్ళు ఇంట్లో ఉంచొద్దంటన్నారు. నువ్వే సూడు."

వీడియో పెట్టాడు. పదిహేను మంది ఆడవాళ్ళు ఒకరి నడుం ఒకరు పట్టుకుని వలిసె పూల చేను పక్కన ఆడుతున్నారు. బొమ్మ అద్దంలా ఉంది. సుష్మ మెచ్చుకోబోయి ఆగింది. కాళ్ళు డప్పుకు పడడం లేదు. మొదట కొంచెం తేడా. రానురాను ఎక్కువైంది. డప్పు కొట్టేవాడి చెయ్యి పైకి లేచే ఉంది, దెబ్బ మాత్రం వినిపించేసింది. కుర్రపిల్లలు కూడా మోకాళ్ళ నొప్పులవాళ్ళలా అడుగు తీసి అడుగు వేస్తున్నారు.

సరిగ్గా నిమిషానికి చప్పుడు ఆగిపోయింది. మోరి బూర లేదు, డప్పు లేదు, తుడుం మోత లేదు. ఆడవాళ్ళు మాత్రం ఆడుతూనే ఉన్నారు. నోళ్ళు తెరిచి పాడుతున్నారు, పాట లేదు. పదిహేను సెకన్లు అలా ఆడి అప్పుడు ఆగారు.

సుష్మ వీడియో వెనక్కి జరిపి మళ్ళీ చూసింది.

"సూసినావా?" అన్నాడు సోమన్న. "పాట అయిపోయాక ఎవుల కోసం ఆడతన్నారే ఆలు?"

"దెయ్యం కాదు మావయ్యా, సెట్టింగేదో పోయుంటాది. ఉంచి ఎల్లు, సూత్తాను" అని ఆయన్ని పంపేసింది.

తన ఫోన్‌కు కూడా ఆ వైద్యం చేసుకుంది కదా. గోడ గడియారం ఎదురుగా పట్టుకుంది. సెకన్ల ముల్లు పన్నెండు మీదికి రాగానే వీడియో మొదలుపెట్టి, ఒక చుట్టు తిరిగి మళ్ళీ పన్నెండు మీదికి రాగానే ఆపింది. ఒక నిమిషం. అంతకు ఒక్క సెకను ఎక్కువ కాదు. వీడియో తెరిచి నిడివి చూసింది. ఒక నిమిషం పదిహేను సెకన్లు.

మళ్ళీ తీసింది. మళ్ళీ అంతే.

అప్పుడు తెలిసింది చేసిన తప్పేమిటో. గానుగెద్దు వంద చుట్లు తిరిగితే గంట అయినట్టని లెక్క పెట్టుకున్న మనిషి ఉన్నాడనుకోండి. ఎవరో వచ్చి ఎద్దును అదిలించి పరిగెత్తిస్తే చుట్లు పెరుగుతాయి, గంటలు పెరగవు. ఆ మనిషి మాత్రం పాత లెక్కే నమ్ముకుని గంటకే గంటంబావు అయిందంటాడు. ఫోన్ అదే చేసింది. అరవై సెకన్లలో జరిగిందాన్ని డెబ్భై అయిదు సెకన్లకు సాగదీసి చూపించింది. చప్పుడు దారి వేరు, దాని జోలికి సుష్మ పోలేదు. అందుకే అది నిజమైన నిమిషం దగ్గరే ఆగింది. పారే నీటిలో, పట్టే మంచులో ఈ తేడా ఎవరికి కనిపిస్తుంది? నీళ్ళు కాస్త నెమ్మదిగా పారితే మరింత అందంగా ఉందన్నారు అందరూ. పైన పటారం, లోన లొటారం.

సరే, వీడియోలే కదా, మార్చేస్తే పోయె అనుకుంటూ స్క్రూడ్రైవర్ అందుకుంది. అందుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

నలభై ఎనిమిది.

డాక్టరమ్మ గడియారం పెట్టుకుని నిమిషం లెక్కపెట్టింది. కానీ డెబ్భై అయిదు సెకన్ల బొమ్మలో ఉన్నది అరవై సెకన్లే అయితే, ఆ నిమిషం బొమ్మలో ఆమె చూసింది నలభై ఎనిమిది సెకన్లే. నలభై ఎనిమిది సెకన్లలో నలభై ఎనిమిది ఊపిర్లు. అంటే నిమిషానికి అరవై.

యాభై దాటితే మోసుకొచ్చెయ్యమన్నారు.

సుష్మ లెక్క తప్పిందేమో అని బల్లమీద వేలితో మళ్ళీ వేసింది. తప్పలేదు. రొంప కాదు అది. ఆ పసిగుంట ఊపిరితిత్తులు నిండిపోతుంటే, తన ఫోన్ దాన్ని నిద్రపుచ్చినట్టు నెమ్మది చేసి చూపించింది. ఒక పగలు, ఒక రాత్రి గడిచిపోయాయి.

దాచడం ఎందుకు, ఆ క్షణాన ఆమెకు వచ్చిన మొదటి ఆలోచన మంచిది కాదు. షట్టరు దించేసి ఎస్.కోట బస్సెక్కేస్తే? ఎవరికి తెలుస్తుంది? బిడ్డకు ఏమైనా అయితే రొంప ముదిరిందంటారు. సోమన్నకు దెయ్యమే అని చెప్పేస్తే సరి, ఆయన నమ్మేస్తాడు కూడా. పరాయి ఊరి నుంచి వచ్చిన పిల్ల తను. కొండమీద బిడ్డ పోతే, దానికి తన కొట్టే కారణమని తేలితే, ఈ వీధిలో తన పక్కన నిలబడేది ఎవరు? షట్టరు సగం దించింది కూడా.

సగం దించి, ఆ సందులోంచే వంగి బయటికొచ్చి సంతలోకి పరిగెత్తింది.

సంత కిటకిటలాడుతోంది. అల్లం గుట్టలు, పసుపు గుట్టలు, బేరాల కేకలు. అడ్డొచ్చినవాళ్ళను తోసుకుంటూ వెళ్ళింది. ఎండుచేపల వరస చివర ముత్యాలమ్మ బుట్ట ముందు పెట్టుకుని కూర్చుంది. సుష్మ మొహం చూడగానే లేచి నిలబడింది.

"వీడియో ఒచ్చిందేటి?"

"రాలేదక్కా." సుష్మకు ఊపిరి అందడం లేదు. "అక్కా, నిన్నటి లెక్క తప్పు. ఫోన్ తప్పు. కాదు, నేనే తప్పు. నేను చేసిన పని వల్ల వీడియో నెమ్మదిగా కనబడింది. గుంట ఊపిరి నలభై ఎనిమిది కాదు. అరవై."

ముత్యాలమ్మ అర్థం కానట్టు చూసింది. సుష్మ మళ్ళీ చెప్పింది. మూడోసారి చెప్పబోతుంటే ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఉండు" అంది. "నాకు తెలుసు."

"ఏటి?"

"జోరుగా తీత్తందని నాకు తెలుసు." ముత్యాలమ్మ తన అరచెయ్యి చూసుకుంది. "మా అమ్మ నేర్పింది. బిడ్డ గుండెలమీద అరిచెయ్యి వేసి, దాని ఊపిరితో మన ఊపిరి జతకట్టాల. దానితో పాటు పీల్చి, దానితో పాటు ఒదలాల. మనకి సుఖంగా ఉంటే బిడ్డకీ సుఖమే. మనకి ఆయాసమొచ్చి తల తిరిగితే, బిడ్డకి కట్టమొచ్చినట్టు. నిన్న ఇరవై ఊపిర్లు కట్టేసరికి నాకు కళ్ళు తిరిగినాయి. డోలీ కట్టమన్నాను. రవిబాబు, పక్కింటి మంగ్లు కర్రకి దుప్పటి కట్టీసినారు. సోని గుంటని ఎత్తుకుని డోలీలో కూకుంది కూడా."

"మరి దింపలేదేటక్కా?" అంది సుష్మ.

"అంతలో నీ ఫోను నలభై ఎనిమిదంది. డాక్టరమ్మ గడియారం నలభై ఎనిమిదంది. నాకు వయసైపోతంది, నా ఊపిరే తగ్గినట్టుంది, అందుకే కళ్ళు తిరిగినాయనుకున్నాను. డోలీ కట్టు నానే ఇప్పించేసినాను." ఆమె సుష్మ రెండు భుజాలూ పట్టుకుని ఒక్క ఊపు ఊపింది. "నా చెయ్యి సెప్పింది నిజమే! నా చేతిని కాదని నీ పెట్టిని నమ్మినాను! ఆ గుంటకి ఏటైనా అయితే సోనికి నా మొకం ఎలా సూపించను? సెప్పు! నువ్వు సెప్పు!"

ఎండుచేపలమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు అందరూ చూస్తున్నారు. సుష్మకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే ఆలస్యమవుతుందని మింగేసింది.

"నన్ను తర్వాత సంపెయ్యక్కా. ముందు గుంటని దింపుదాం."

"డాక్టరమ్మకి సెయ్యి ఫోను. నువ్వే సెప్పాల. ఇప్పుడు నాకు సెప్పినట్టే, ఒక్క ముక్క దాయకుండా సెప్పు."

సుష్మ చేసింది. పదకొండు ఫోన్ల సంగతి, వేగం సంగతి, పదిహేను సెకన్ల సంగతి అన్నీ చెప్పింది.

"ఈ నెలలో ఆ ఫోన్ నుంచి వచ్చిన వీడియోలు ఇంకో నాలుగు చూశాను నేను" అంది డాక్టరమ్మ. "వాటి సంగతి నేను చూసుకుంటాను. మీరు వెంటనే వెళ్ళండి. తారురోడ్డు ఆఖరిదాకా అంబులెన్స్ పంపిస్తాను. బిడ్డను అక్కడికి దించండి. ఇకమీదట ఆ ఫోన్ బొమ్మను ఎవరూ నమ్మకండి. విన్నారా? దారిలో డొక్కలు ఎగరేస్తోందేమో, మూలుగుతోందేమో, పాలు తాగుతోందో లేదో, మీ కళ్ళతో చూడండి."

రాజ్మా బుట్ట ఉన్నచోటే ఉండిపోయింది. సుష్మ స్కూటీ తీసింది. ముత్యాలమ్మ వెనక కూర్చుని ఆమె చొక్కా గుప్పిట్లో పట్టుకుంది. కాఫీ తోటల మధ్య దారి మెలికలు తిరుగుతూ పైకి పోతోంది. పొద్దు బాగా ఎక్కినా మంచు పూర్తిగా విడలేదు. ప్రతి మలుపు దగ్గరా ఎవరో డోలీ మోసుకుని ఎదురొస్తున్నట్టే సుష్మకు అనిపించింది. వస్తే బాగుండుననిపించింది. ఆ డోలీలో మొహం మీద గుడ్డ కప్పి ఉంటే, అనిపించిన మరుక్షణం బండి జోరు పెంచింది.

"ఈ మలుపు దాటితే సిగ్నల్ ఉండదు" అంది ముత్యాలమ్మ.

సరిగ్గా అప్పుడే సుష్మ జేబులో ఫోన్ అదిరింది.

బ్రేకు పడింది. ఇద్దరూ దిగిపోయారు. రవిబాబు పంపిన వీడియో. డౌన్‌లోడ్ గుర్తు గుండ్రంగా తిరుగుతోంది, తిరుగుతోంది. కింద అతను పెట్టిన మాట ముందే వచ్చేసింది. "అత్తకి సూపించండి. పది ఇరవైకి తీసాను." టైం చూసింది సుష్మ. పదకొండూ అయిదు. బండ ఎక్కడానికి అరగంట, సిగ్నల్ కోసం ఇంకాస్త. ఈ వీడియోలో ఏం జరిగి ఉన్నా, అది జరిగి ముప్పావు గంట అయిపోయింది.

వీడియో తెరుచుకుంది. సోని ఒడిలో బిడ్డ. చొక్కా పైకెత్తి పట్టుకుంది సోని. చిన్న ఛాతీ మెల్లగా, హాయిగా లేచి పడుతోంది. చూసినవాళ్ళెవరైనా బిడ్డ నెమ్మదించిందనుకుంటారు.

సుష్మ అరచెయ్యి అడ్డం పెట్టి స్క్రీన్ మూసేసింది.

"బొమ్మ సూడకక్కా. బొమ్మ అబద్దం. చప్పుడు నిజం. చప్పుడు విను."

మళ్ళీ మొదటినుంచి పెట్టి, వాల్యూం పూర్తిగా పెంచి, ముత్యాలమ్మ చెవి దగ్గర పట్టుకుంది. పొయ్యిలో కట్టెలు చిటపటలాడుతున్నాయి. ఎక్కడో పిల్లలకోడి కొక్కొక్‌మంటోంది. వాటి వెనక సన్నగా, తొందర తొందరగా, ప్రతి ఊపిరి చివరా చిన్న మూలుగు. ముత్యాలమ్మ తన గుండెలమీద అరచెయ్యి వేసుకుంది. కళ్ళు మూసుకుంది. ఆ మూలుగుతో పాటు ఊపిరి పీల్చింది, వదిలింది. పీల్చింది, వదిలింది.

సుష్మ వాచీ చూస్తోంది. పావు నిమిషానికి పదిహేడు.

ముత్యాలమ్మకు చెమటలు పట్టాయి. అయినా జత వదల్లేదు. కుక్కపిల్లలా ఎగపీలుస్తోంది. పెదాలు తెల్లబడ్డాయి. ఒక్క చేత్తో సుష్మ భుజం పట్టుకుంది పడిపోకుండా.

ఉన్నట్టుండి ఆమె ఆగిపోయింది. పీల్చిన ఊపిరి వదల్లేదు. అలా పట్టుకునే ఉంది. ఫోన్‌లో మూలుగు వినిపించడం లేదు.

"చప్పుడు అయిపోయిందక్కా" అంది సుష్మ గబగబా. "ఎప్పుడూ ఇంతే. ముందు చప్పుడే అయిపోద్ది, ఇంకా బొమ్మ ఉంటాది. సోమన్న మావయ్య వీడియోలోనూ ఇంతే..."

ముత్యాలమ్మ కళ్ళు తెరిచింది. చెవి ఫోన్‌కు ఆనించే ఉంచింది.

"అయిపోనేదు" అంది. "కోడి ఇంకా అరుత్తంది."